రమాఫలం

శ్రావ్య కుర్చీలో కూర్చుందన్న మాటే గానీ కుదురుగా లేదు. చేతిసంచి పట్టీని మెలిపెడుతోంది, విప్పుతోంది. ఏలూరు పవర్‌పేటలో డిటెక్టివ్ రత్నమాణిక్యం ఆఫీసు అది. ఆ అమ్మాయి వాలకం చూసి సహాయకుడు విశ్వనాథ్ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపాడు.

"మండవల్లిలో టీచర్నండి. కొల్లేరు మీద నవల రాసి, పోయినేడు తాడేపల్లిగూడెం సాహితీ సంఘం పోటీకి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. జవాబు లేదు. ఈ ఏడు అదే నవల ఫణికిరణ్ గారి పేరుతో బహుమతి కొట్టిందండి! అడిగితే, నేనే ఆయనది దొంగిలించానంటున్నారు. ఈ సాయంత్రం బహుమతి సభలో నన్ను దొంగని చేస్తారట. పిల్లల ముందు ఇంకేం మొహంతో నిలబడనండీ?"

"ఫణికిరణ్ ఎవరమ్మా?" అడిగింది రత్నమాణిక్యం.

"లెక్చరరండి. పోయినేడు రచనల్ని వడపోసింది ఆయనే. నాది అసలు అందనేలేదంటారు."

"రుజువులు?"

"పాత కంప్యూటర్ పాడైపోయిందండి. మిగిలిన కాపీ మీద ఈమధ్య తేదీయే ఉంది."

రత్నమాణిక్యం ఆ కాపీనీ, సంఘం వెబ్‌సైట్‌లోని బహుమతి నవలనీ తెర మీద పక్కపక్కన పెట్టింది. అక్షరం పొల్లుపోలేదు. కథానాయిక పేరే తేడా: శ్రావ్య నవలలో సీత, ఆయన నవలలో రమ.

"ఎవరు ఎవరి పేరు మార్చారో ఎలా తేలుతుంది మేడమ్?" విశ్వనాథ్ గడియారం వంక చూస్తూ గొణిగాడు.

ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగింది. "నువ్వెప్పుడైనా రామాఫలం తిన్నావా?"

"తిన్నానండి. ఎర్రగా, నున్నగా ఉంటుంది."

"నున్నగా! కారు తియ్యి."

తాడేపల్లిగూడెం దారిలో రైల్వేగేటు పడింది. గూడ్సుబండి ఎంతకీ కదలదు. విశ్వనాథ్ స్టీరింగ్ మీద వేళ్లతో దరువేస్తూనే ఉన్నాడు. వెనక సీట్లో శ్రావ్య కళ్లు మూసుకుంది.

సభ మొదలయ్యేలోగా సంఘం కార్యదర్శి కామేశాన్నీ, ఫణికిరణ్‌నీ రత్నమాణిక్యం హాలు వెనక గదిలో కూర్చోబెట్టింది.

"ఫణికిరణ్ గారూ, మీ నవలలో రమ తమ్ముడికి పెట్టే పండేవిటండీ?"

ఆయన పుస్తకం తిప్పి నవ్వాడు. "రమాఫలం అని పడిందండి. అచ్చుతప్పు. రామాఫలం, దీర్ఘం పోయింది."

"తర్వాతి వాక్యం చదవండి."

"'కళ్లు తెరిచిన ఆ కాయని చిదిపి...'" గొంతు తగ్గింది.

"రామాఫలానికి కళ్లుండవండి. సీతాఫలానికుంటాయి. కంప్యూటర్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, సీతకి బదులు రమ అని కొట్టి, అన్నిచోట్లా ఒకేసారి మారేలా రీప్లేస్ ఆల్ నొక్కారు. మనిషితోపాటు పండు పేరూ మారిపోయింది. అది రామాఫలంలాగే కనబడేసరికి మీ కళ్లు దాటిపోయింది."

"ఆవిడే నా రమని సీతగా మార్చిందేమో!"

"అలా నొక్కితే నవలలోని పరమాన్నం కూడా పసీతాన్నమయ్యేదండి. మార్చాక దిద్దుకుందంటారేమో, సరే. మరి కళ్లున్న రమాఫలం మీకెక్కడ దొరికింది? పోయినేడు ఆ పెన్‌డ్రైవ్‌లు తెరిచింది మీరొక్కరే."

ఫణికిరణ్ తల వాల్చాడు. "ఏళ్ల తరబడి ఒక్క పేజీ రాయలేకపోయానండి. ఇది చదివాక... నాదైతే బావుణ్ణనిపించింది."

కామేశం లేచి శ్రావ్యకి చేతులు జోడించాడు. "క్షమించమ్మా. వేదిక మీదికి రా."

శ్రావ్య మైకు ముందుకి వెళ్లింది. ఫణికిరణ్ పేరున్న పుస్తకం తెరిచి, రమ అని ఉన్న చోటల్లా సీత అనుకుంటూ మొదటి అధ్యాయం చదవసాగింది. హాలు సద్దుమణిగింది. వెళ్లిపోదామని లేచిన ఫణికిరణ్ గుమ్మం దగ్గరే ఆగి వింటున్నాడు.

"బయల్దేరదామా మేడమ్?" విశ్వనాథ్ తాళాలు ఆడించాడు.

"ఉండవయ్యా," అంది రత్నమాణిక్యం. "ఈ అధ్యాయం అవనీ."