గండిగుర్రాలు

మూడు కొండల భుజాలమీద నిలిచిన నల్లగండి దుర్గంలో ఆ ఉదయం నగారాలు మోగాయి. పడమటి సముద్రం దాటివచ్చిన నూరు ఎత్తైన గుర్రాలు, జరీ జీనులు తళతళలాడుతుండగా, బారులు తీరి రాజవీథిలో నడిచాయి. మేడలమీది స్త్రీలు పూలు చల్లారు. ఓబళభూపతి స్వయంగా ఎదురేగి మొదటి గుర్రపు మెడ నిమిరాడు. ఆ సంబరమంతటికీ కర్త మంత్రి గుండనామాత్యుడు. ఓడ వర్తకుల కానుకలు అతని ఇంటికి ముందే చేరాయని రాజుకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే కొలువులో లక్కసాని దోషిగా నిలబడింది.

భర్త గతించిన నాటినుంచి ఇరవైయేండ్లుగా అశ్వశాల ఆమె చేతిలో ఉన్నది. ఆమె సాకే గండిగుర్రాలు ఆ కొండలలో తప్ప మరెక్కడా పుట్టవు. పొట్టివి, బూడిదరంగువి, కంటికి ఆనవు. కాని మేకలు జంకే రాతిచరియనైనా బరువుతో ఎక్కగలవు. ఏ పిల్ల ఏ తల్లికి పుట్టిందో ఏడు తరాలదాకా ఆమెకు కంఠస్థం. వేరు జాతితో కలవనీయక, కరువునాడు తన ఇంటి జొన్నలు పెట్టి, ఆ జాతిని నిలిపింది. ఇక మిగిలినవి నలభై.

"మహాప్రభూ! ఈ పొట్టి గుర్రాలు మన సేనకు తలవంపులు. అంతకంటె ఘోరం, వీటిలో మూడింటిని ఈమె మేడిపురపు శత్రువులకు పంపింది" అన్నాడు మంత్రి.

లక్కసాని చేతులు జోడించింది. "పంపిన మాట నిజమే దేవరా. శత్రువులకు కాదు, అక్కడ తిరిగే మన వేగులకు. పంపమన్నది దళవాయిగారే. వారిని అడగండి."

సభ అంతా దళవాయి బసివినాయకుని వైపు తిరిగింది. పంపమన్నది అతడే. కాని దళవాయి పదవికి మరొకరిని చూస్తున్నారని, గండిగుర్రాల పక్షం మాట్లాడేవారు ఏలికకు గిట్టరని మంత్రి అంతకుముందే అతని చెవిన వేశాడు. పదునాలుగు యుద్ధాలలో వెనుదిరగని ఆ వీరుడు గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువులకు తెలియనిది నాకేమి తెలుసును?" అన్నాడు.

లక్కసాని అతనివైపు ఒక్కసారి చూసింది.

ఆమెకు దేశబహిష్కారం విధించారు. గుర్రాలను ఉప్పుమూటలు మోయడానికి అమ్మివేశారు. ఎవరూ కొనని పదకొండింటిని తోలుకొని ఆమె అడవిదారి పట్టింది. ఆనాటినుంచి బసివినాయకుడు ఖాళీ అశ్వశాల ముందునుంచి పోలేక చుట్టుదారిన తిరిగేవాడు. నిజం చెప్పివేద్దామని రాజమందిరం గడపదాకా రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ తిరిగివచ్చాడు.

మూడవయేట మేడిపురం సేన దుర్గాన్ని ముట్టడించింది. సముద్రం దాటివచ్చిన మేలుజాతి గుర్రాలు రాళ్లమీద కాళ్లు విరుచుకున్నాయి. మిగిలినవి మేతలేక కూలాయి. గాదెలు అడుగంటిన నాడు గుండనామాత్యుడు సంధి మాటలాడే నెపంతో వెళ్లి శత్రుశిబిరంలోనే ఉండిపోయాడు. పసిపిల్లలు ఆకలికి ఏడ్చే ఓపిక కూడా లేక పడివున్న ఒక వేకువన, మనిషి ఎక్కలేని వెనుకచరియనుంచి గిట్టల చప్పుడు వినిపించింది.

లక్కసాని! ఆమె వెనుక పది గండిగుర్రాలు, వీపులమీద జొన్నబస్తాలు.

"మా అడవిపల్లెలు ఇచ్చినవి. పొద్దెక్కక ముందే దింపుకోండి, మళ్లీ పోవాలి" అన్నది.

బసివినాయకుడు అందరిముందూ ఆమె కాళ్లమీద పడ్డాడు. పరుగున వచ్చిన రాజుతో, "ప్రభూ! ఆ మూడు గుర్రాలను పంపించింది నేను. పదవి పోతుందని కొలువులో అబద్ధమాడాను. నన్ను శిక్షించండి. లేదా కోటతలుపు తెరిపించండి, శత్రువుల మధ్య చచ్చిపోతాను" అన్నాడు.

రాజు తీర్పు చెప్పబోయేంతలో లక్కసాని అడ్డు వచ్చింది.

"నీ అబద్ధం నాకు ఆనాడే తెలుసు నాయకా. చావడం నీకు తేలిక. నాకు చరియమీద కళ్లెం పట్టే మనిషి కావాలి. లే" అన్నది.

అతడు కత్తి విప్పి రాజు చేతికిచ్చి కళ్లెం పట్టుకున్నాడు. నలభై దినాలు ఆ గుర్రాలు గింజలు తెచ్చాయి. వానలు పట్టి, వాగులు పొంగి, మేడిపురం సేన వెనుదిరిగింది.

లక్కసాని కోరినది ఒకటే: ఉత్తరపుగట్టు బయలు గండిగుర్రాలకు విడిచిపెట్టాలి, ఆ జాతిని అమ్మరాదు. రాజు అంగీకరించి, కోటవాకిట శాసనం వేయించాడు. అందులో, గండిగుర్రాలను కాపాడి దుర్గాన్ని నిలిపినవాడు దళవాయి బసివినాయకుడని చెక్కించాడు. తన తప్పును కూడా చెక్కించమని బసివినాయకుడు వేడుకున్నాడు.

"సేనాపతి సిగ్గును రాతికెక్కిస్తే రేపు ఎవరు మాట వింటారు?" అన్నాడు రాజు. "మా సిగ్గు కూడా అందులోనే ఉన్నది కదా!"

బసివినాయకుడు మళ్లీ కత్తి పట్టలేదు. ఉత్తరపుగట్టున లక్కసాని కొలువులో గుర్రాలు తోముతూ ముసలివాడయ్యాడు. గండిగుర్రాల పోషణ నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివారికీ మొదట ఆనాటి కొలువును గురించి చెప్పేవాడు; తానన్న మాటను ఒక్క అక్షరం మార్చకుండా చెప్పేవాడు. పక్కనే పిల్లగుర్రానికి ఉలవలు పెడుతూ లక్కసాని వినేది.

ఇక చాలునని ఆమె ఒక్కనాడూ అనలేదు.