తాడు చెయ్యి మారింది

శామీర్‌పేట చెరువు మీది గాలికి వాడకట్టంతా దుప్పట్లు కప్పుకున్నా, జంగమ్మ మాత్రం తెల్లారకముందే వాకిట్లో కత్తిపీట వేసుకుని కూర్చుంటుంది. గుండ్లపోచంపల్లి అపార్టుమెంట్లలో ఆమెకు ఖాయం గిరాకీలున్నారు. చేప కోసి, కడిగి పంపితేనే తీసుకుంటారు. మిగిలిన గంపలు మేడ్చల్ మార్కెట్టుకు పోతాయి. ఆటో వచ్చేలోగా పని తెమలాలని ఆ రోజు కూడా ఆమె చేతులు చకచకా ఆడుతున్నాయి. మొగుడు గాలయ్య అరుగు మీద కూర్చుని, రెండేళ్ల క్రితం జారిన కుడి భుజానికి నూనె మర్దన చేసుకుంటున్నాడు.

బిందెకు ఆనించిన ఫోన్ మోగింది. తెర మీద కూతురు యమున ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, ముందుగాల కత్తిపీట మీదికెల్లి చెయ్యి తియ్యి. నేను చెప్పేది ఇంటే ఏలు తెంపుకుంటవ్."

"నీ పుట్టుకకు ముందుకెల్లి కోస్తున్ననే. ఏందో చెప్పు."

"జర్మనీ దవాఖానోళ్లు నన్ను తీసుకున్నరు. ఉద్యోగం ఖాయమైంది."

జంగమ్మ వేలు తెగనే తెగింది. తెగినట్టు ఆమెకు తెలియలేదు. గాలయ్య నూనె గిన్నె తన్నుకుంటూ వచ్చి ఫోన్ ముందు కూలబడ్డాడు. ఒకే మాటను ముగ్గురూ మార్చి మార్చి అనుకుని మురిసిపోయారు.

మురవరా మరి. యమున మేడ్చల్‌లో ఓ ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికినప్పుడల్లా ఎంఎంటీఎస్ రైలెక్కి సికింద్రాబాద్ పోయి జర్మన్ భాష నేర్చుకుంది. రాత్రి డ్యూటీ చేసి, రైల్లో నిలబడి నిద్రపోతూ నేర్చుకుంది. రెండు సార్లు పరీక్ష తప్పి, మూడోసారి గట్టెక్కింది. ఇప్పుడు ఆమె ఉన్నది మస్కట్‌లో, అన్న ఆకాశ్ ఇంట్లో. వదిన దీపకు నెలలు నిండుతున్నాయి. మంచం దిగొద్దు, విమానం ఎక్కొద్దు అన్నారు డాక్టర్లు. దీప గౌడవెల్లి పిల్ల, చిన్నప్పుడే తల్లి పోయింది. అందుకని పురుటికి అత్త జంగమ్మే పోవాల్సింది. పాస్‌పోర్టు కూడా తీయించారు. తీరా పోయే వేళకు జంగమ్మ, "చేపల సీజన్ ఇడిశి ఎట్ల పోత, నర్సు బిడ్డ ఉండంగ నాతోని ఏం పని" అని యమునను పంపేసింది. అసలు సంగతి సీజన్ కాదు, విమానం. అది గాలయ్యకు తెలుసు గానీ కోసిన చేప ముందు కూర్చున్న ఆడమనిషితో వాదించే ధైర్యం ఆయనకెప్పుడూ లేదు.

ఆ రోజు మార్కెట్లో జంగమ్మ బేరమాడిన ప్రతి మనిషికీ చేపతో పాటు కూతురి కబురు కూడా తూచి ఇచ్చింది. గాలయ్య జిలేబీ తెచ్చి వాడకట్టంతా పంచాడు.

మూడో నాటికి యమున ముఖం మారింది.

"గీడ జర్మనీ వీసా ఆఫీసుకు పోయిన అమ్మా. నువ్వు మస్కట్‌కు చూడనీకి వచ్చిన మనిషివి, ఈడ ఉండేదానివి కాదు, పని వీసా మీ దేశంలనే పెట్టుకోవాలె అన్నరు. కాయితాలు ముట్టుకోలేదు. నేనే పోయి ఏలిముద్రలు ఇయ్యాలె. ఈ వారంల హైదరాబాద్ రాకుంటే వాళ్లు చెప్పిన తారీఖుకు చేరుకోలేను. నా జాగ ఇంకొకరికి ఇస్తరు."

వెనక నుంచి ఆకాశ్ గొంతు వినబడింది. "ఈ వారం అంటే ఎట్లనే? దీపను ఎవలు చూస్తరు? నాకు లీవ్ ఇయ్యరు. గా ఉద్యోగం గాకుంటే ఇంకోటి వస్తది."

"రెండేండ్లు సదివిన అన్నా."

"నా పెండ్లానికి పాణం మీదికొస్తే?"

ఫోన్ కట్టయింది. జంగమ్మ ఇటు కూతురినీ తప్పు పట్టలేదు, అటు కొడుకునూ తప్పు పట్టలేదు. వేలి కట్టు విప్పి మళ్లీ కట్టుకుంది.

మర్నాడు ఆదివారం. చెరువులో పెద్ద వల గుంజే రోజు. ఇంటికో చెయ్యి తాడు మీద పడాలి, పడితేనే వాటా. గాలయ్య భుజం జారిననాటి నుంచీ ఆ ఇంటి చెయ్యి జంగమ్మదే. మగవాళ్ల వరసలో ఆమె ఒక్కతే, చీర గోచీ పోసి నిలబడుతుంది. మొదట్లో నవ్వినవాళ్లు ఇప్పుడు ఆమె లేకపోతే వల కదలదంటారు.

ఆ తాడుకో పద్ధతుంది. ముందు మనిషి అలసిపోతే వెనక మనిషి వచ్చి తాడు మీద చెయ్యేసి "పట్టిన" అనాలి. అది విన్నాకే ముందు మనిషి "ఇడిశిన" అని తాడు వదిలి ఒడ్డెక్కాలి. పట్టిన మాట వినకుండా వదిలితే వల కుంగుతుంది, చేప పోతుంది. వదిలాక అక్కడే నిలబడితే గుంజే తాడు కాళ్లకు చుట్టుకుంటుంది. చిన్నప్పుడు యమున ఒకసారి అలాగే వదిలేసి, వల కుంగినందుకు తల్లి చేత వీపు మీద తిన్నది కూడా.

జంగమ్మ వంతు గుంజి గుంజి చేతులు మండిపోయాయి. మరిది బాలరాజు వచ్చి తాడందుకుని "పట్టిన వదినా" అన్నాడు. ఆమె తాడు వదల్లేదు. రెండోసారి అన్నాడు.

"ఏంది వదినా, పరేషాన్‌ల ఉన్నవ్? ఇడువు."

"ఇడిశిన" అని ఆమె ఒడ్డెక్కింది గానీ మనసు మస్కట్‌లోనే ఉంది.

సాయంత్రం మళ్లీ ఫోన్. ఈసారి యమున కళ్లు ఉబ్బి ఉన్నాయి. పక్కన ఆకాశ్ తల వంచుకుని ఉన్నాడు. ఇద్దరూ ఎంత సేపు కీచులాడుకున్నారో ఆ ముఖాలే చెప్పాయి.

"నేను పోతలేనమ్మా" అంది యమున. "గా దవాఖానోళ్లకు రాసేస్త, వేరేవాళ్లను తీసుకొమ్మని."

"పిచ్చి లేసిందా నీకు?" గాలయ్య గద్దించాడు.

"నువ్వే చెప్పు నాయిన. రాత్రి వదిన నా చెయ్యి పట్టుకొని పండుకుంటది. భయపడుతది. గా చెయ్యి ఇడిపిచ్చుకొని ఎట్ల పోత? అమ్మనే గద నేర్పింది, పట్టిన మాట ఇనకుండ ఇడువొద్దని." యమున నవ్వబోయింది, నవ్వు రాలేదు. "వీపుకు ఇప్పటికీ గుర్తున్నదే."

ఆ మాట జంగమ్మకు తగిలింది. పిల్ల తాడు వదలనందుకు కాదు. తాను పట్టాల్సిన తాడును పిల్ల చేతిలో పెట్టి ఒడ్డు మీద కూర్చున్నందుకు. విమానం భయం కోసం కూతురి రెండేళ్ల కష్టాన్ని చెరువులో కలుపుతోంది తాను.

"ఆకాశ్," అంది, ఫోన్ దగ్గరికి జరిగి. "నాకు గాడికి రానీకి వీసా ఎన్ని దినాలైతది?"

"నీకా? చూడనీకి వచ్చే వీసా అయితే రెండు దినాల పని. కానీ అమ్మా, నువ్వు..."

"నేనొస్త. చెల్లె ఇంటికి రావాలె, నేను గాడికి రావాలె. టికెట్ తియ్."

గాలయ్య నోరు తెరిచాడు. "మెట్రో కాడ కదిలే మెట్లు చూసి ఎనకకు మర్లినవ్. నువ్వు ఇమానం ఎక్కుతవా?"

"ఇమానం మెట్లు కదులుతయా?"

"కదలవ్."

"మరి ఇంకేంది."

"వల కాడ మన ఇంటి చెయ్యి?"

గడపలో నిలబడి వింటున్న బాలరాజు అందుకున్నాడు. "గా చెయ్యి నేనైత అన్నా. రెండు వంతులు గుంజుత. మొదట్ల వదిన మీద నవ్వినందుకు నాకు గా శిక్ష పడాల్సిందే."

ఫోన్‌లో యమున రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆకాశ్ చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, "తప్పైందే, భయంల ఏదేదో అన్న" అన్నాడు. ఇటు జంగమ్మ అప్పటికే సంచి వెతుకుతోంది.

ఆ తర్వాత ఇంట్లో పండగే. ఎండు పరక చేపలు కట్టింది, బాలింతకు పాలు పడతాయని. మెంతులు కట్టింది, కారం దంచింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి, కిటికీ పక్కన కూర్చోవద్దని ఒకరు, కిటికీ పక్కనే కూర్చోమని ఒకరు చెప్పి పోయారు. వాళ్లలో ఒక్కరూ విమానం ఎక్కింది లేదు. వీసా వచ్చింది. జంగమ్మ సంచి భుజాన వేసుకుని, గాలయ్యతో శంషాబాద్ చేరింది.

లోపలికి పోయిన కాసేపటికే ఆమె మళ్లీ అద్దాల తలుపు దగ్గర ప్రత్యక్షమైంది. పక్కన ఒక పోలీసు, అతని చేతిలో కత్తిపీట.

"చేతి సంచిల పెట్టిందంట," అన్నాడు పోలీసు, నవ్వు ఆపుకోలేక. "తీసుకపో పెద్దయ్యా."

"గా దేశంల కత్తిపీట దొరుకుతదో లేదో అని," జంగమ్మ గొణిగింది. గాలయ్య దాన్ని తువ్వాలలో చుట్టుకున్నాడు. బస్సులో పక్కవాళ్లు అనుమానంగా చూస్తుంటే ఇల్లు చేరేదాకా ఒక్కడే నవ్వుకుంటూనే ఉన్నాడు.

విమానం లేచేటప్పుడు జంగమ్మ కుర్చీ చేతిని వల తాడు పట్టినట్టు పట్టింది. మేఘాల మీదికి వచ్చాక వదిలి, కిందికి తొంగి చూసింది. ఆ తర్వాత దిగేదాకా కిటికీ నుంచి ముఖం తిప్పలేదు.

మస్కట్ ఇంట్లో గది తలుపు తీసేసరికి దీప మంచం మీద ఓ పక్కకు ఒరిగి ఉంది. ఆమె చెయ్యి యమున చేతిలో ఉంది. యమున తిరుగు ప్రయాణం మర్నాడు పొద్దున్నే. పెట్టె తలుపు పక్కనే ఉంది. తల్లిని చూసి యమున లేవబోయింది గానీ చెయ్యి విడిపించుకోలేకపోయింది.

జంగమ్మ సంచి కింద పెట్టింది. చేతులు కడుక్కొచ్చింది. మంచం అంచున కూర్చుని, ఆ రెండు చేతుల మీద తన గరుకు చెయ్యి వేసింది.

"పట్టిన" అంది.

ఆ మాట దీపకు తెలియదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆకాశ్‌కు తెలుసు, అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. యమున కన్నీళ్లు తల్లి చేతి మీద పడ్డాయి.

"ఇడిశినమ్మా" అంది చివరికి. చెయ్యి తీసింది గానీ అక్కడే కూర్చుంది.

"ఇడిశినంక నిలవడొద్దు బిడ్డా, తాడు కాళ్లకు సుట్టుకుంటది," అంది జంగమ్మ, దీప చెయ్యి నిమురుతూ. "పో, ఒడ్డెక్కు."