ఎడమవైపు బొటనవేలి ముద్ర

ఉదయం 10.43. ఆయుధాల డిపో, మూడో గది.

డిపో అధికారి నేలమీద బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి లేదు. మంటలు ఆర్పే గ్యాస్ గదినిండా కమ్మేసింది. తలుపు దానంతటదే మూసుకుపోయింది.

గ్యాస్ వదిలిందెవరు?

కంప్యూటర్ రికార్డులో ఒకే పేరు. కంట్రోల్ రూమ్ ఆపరేటర్, చిట్టి.

మధ్యాహ్నానికల్లా చిట్టి తల్లి గేటు దగ్గరుంది. బేడీలు, జైలు, ఉరి... దారిపొడవునా అన్నీ కళ్లముందు ఆడాయామెకి. ఇన్‌స్పెక్టర్‌ని చూడగానే కాళ్లమీద పడబోయింది.

"మా పిల్ల బొద్దింకని కొట్టడానిక్కూడా నన్నే పిలుస్తుందమ్మా!"

"లేవండి. లోపలికొచ్చి కూర్చోండి. నోరు మాత్రం విప్పకండి," అంది ఇన్‌స్పెక్టర్.

కంట్రోల్ రూమ్‌లో ముగ్గురున్నారు. చిట్టి, ఉప అధికారి, గ్యాస్ బటన్లుండే టచ్‌స్క్రీన్ తయారుచేసిన డిజైనర్.

"నిన్న మీ సార్ నిన్ను అందరిముందూ తిట్టారట?" ఇన్‌స్పెక్టర్ చిట్టిని అడిగింది.

"తిట్టారు మేడమ్."

"పగబట్టావా?"

"ఆయన తిట్టనిదెవర్ని మేడమ్? దానికే పగబడితే డిపోలో మనిషి మిగలడు."

"ఎవరైనా గదిలోకి వెళ్తే ఏం చేస్తావు?"

"'ఆపు' నొక్కుతాను. వాళ్లు బయటికొచ్చేదాకా గ్యాస్ రాదు. ఇవాళా అదే నొక్కాను."

"రికార్డులో 'వదులు' అనుంది," ఉప అధికారి అందుకున్నాడు. "కంప్యూటర్‌కి నీమీద కక్షా?"

"నొక్కేటప్పుడు బటన్ చూశావా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"లేదు మేడమ్. కళ్లు కెమెరా మీదే ఉండాలి, లోపలి మనిషిని చూస్తూ. బొటనవేలు దానంతటదే ఎడమవైపుకి పోతుంది. రెండేళ్ల అలవాటు."

ఇన్‌స్పెక్టర్ స్క్రీన్ దగ్గరికెళ్లింది. 10.55కి పోలీసులు సీలు వేశాక దాన్నెవరూ ముట్టుకోలేదు. ఎడమవైపు 'ఆపు'. కుడివైపు 'వదులు'.

"10.38కి తాళాల రిజిస్టర్‌లో వేలిముద్ర వేశావు. ఆ ఊదారంగు ఇంకు నీ వేలికింకా ఉంది. ఈ అద్దంమీదా ఉంది. ఎడమవైపు మాత్రమే. కుడివైపు మచ్చ లేదు. అందరూ రికార్డు చూశారు. అద్దం ఎవరూ చూడలేదు."

"అంటే 10.42కి 'వదులు' ఎడమవైపున ఉంది. ఎవరో బటన్లు తారుమారు చేశారు. తర్వాత మళ్లీ సర్దేశారు. బయట కూర్చుని ఈ స్క్రీన్ మార్చగలిగేదెవరు?"

ఉప అధికారి పక్కకి తిరిగాడు. "ఇతనొక్కడే."

డిజైనర్ బుకాయించలేదు.

"మూడేళ్ల కిందట మా అన్నయ్య ఆ గదిలోనే పోయాడు. పాత స్క్రీన్‌లో 'ఆపు' ఎక్కడుందో ఆపరేటర్ వెతికేలోపే అయిపోయింది. స్క్రీన్ మార్చమని ఆపరేటర్లు ఎన్నిసార్లు రాసిచ్చినా ఆ డిపో అధికారే తొక్కిపెట్టాడు. చివరికి ఆపరేటర్ తప్పని ఫైలు మూసేశాడు. ఆ ఫైలు పోయిన నెలే నా కంటపడింది. ఆయన చావుకీ అదే మాట రాయించాలనుకున్నాను."

చిట్టి అతనివైపు తిరిగింది. "అన్నా, ఈ స్క్రీన్ తయారుచేసేటప్పుడు నెల్లాళ్లు నా పక్కన కూర్చుని నా చెయ్యి ఎటు పోతే అది రాసుకున్నావు. నా పని తేలిక చెయ్యడానికే అనుకున్నాను."

"అందుకే రాసుకున్నాను," అన్నాడు డిజైనర్. "అప్పట్లో."

తల్లి లేచింది.

"మీ అన్న కోసం పగబట్టావు. కత్తి నా కూతురి చేత పట్టించావు."

"అమ్మా, మీ అమ్మాయి బయటపడింది. ఇంటికి తీసుకెళ్లండి," అంది ఇన్‌స్పెక్టర్.

"తీసుకెళ్తానమ్మా. కోర్టు వాయిదా ఎప్పుడో కబురు పెట్టు. ప్రతి వాయిదాకీ వస్తాను. ముందు వరసలో కూర్చుంటాను. వీడు తలెత్తినప్పుడల్లా నేనే కనబడాలి."

డిజైనర్ తలెత్తలేదు.