ఎండిన బోరులో అయిదు నిమిషాల నీళ్లు

ఆ పొద్దున మబ్బులు పడమటి నుంచి పెనుకొండ కొండ దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ కర్ణాటక వైపు తిరిగిపోయాయి. ధర్మవరం మీద ఎండా లేదు, వానా లేదు. తోమకుండా వదిలేసిన ఇత్తడి చెంబులా ఉంది ఆకాశం.

జమీర్ మోటారు వైండింగ్ షాపులో సుంకప్ప రాగితీగ చుడుతున్నాడు. నాలుగు నెలలుగా అక్కడ మెకానిక్. అసలు ఉద్యోగం వేరు. కేంద్ర నిఘా విభాగంలో ఫీల్డ్ ఏజెంట్, కోడ్‌నేమ్ 'రాగి'. అది జమీర్‌కు తెలియదు. ఈ మనిషి రోజుకు పది మాటలకు మించి మాట్లాడడని మాత్రం తెలుసు.

"ఏమబ్బా సుంకప్పా, పెండ్లాంతో గూడా ఇంతేనా నువ్వు?"

"ఆయమ్మ మాట్లాడుతుంది."

బల్ల మీదున్న క్లాంప్ మీటరు మూడుసార్లు కీచుమంది. కరెంటు కొలిచే పరికరమే, కానీ లోపల రేడియో ఉంది. సుంకప్ప దాన్ని తీసుకుని షాపు వెనక్కి నడిచాడు.

"మోటారు తడిసింది," అన్నాడు గుర్తుమాటగా.

"ఎండబెట్టు," అంది అవతలి గొంతు. బెంగళూరు నుంచి జాయింట్ డైరెక్టర్ మంజులత. "బాలాజిని చంపేశారు. నిన్న మధ్యాహ్నం, హిందూపురంలో."

బాలాజి, చంద్రమోహన్ అని ఇద్దరు ఇంజనీర్లు. 'నీటికన్ను' అనే కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసింది వాళ్లే, ఇప్పుడు దాని మీద సాక్షులూ వాళ్లే. ఆ కంపెనీ ఈ చుట్టుపక్కల పదివేల బోర్లకు సిమ్ ఉన్న స్టార్టరు బాక్సులు ఉచితంగా బిగించింది. రైతు ఇంట్లో మంచం దిగకుండానే ఫోన్‌తో మోటారు ఆన్ చేసుకోవచ్చు. బదులుగా బాక్సు కంపెనీకి అన్నీ చెబుతుంది: మోటారు ఎప్పుడు తిరిగింది, ఎంతసేపు, నీళ్లు వచ్చాయా, గాలి వచ్చిందా. విత్తనాల వాళ్లు ఆ డేటా కొంటారు, మందుల వాళ్లు కొంటారు. బోరు ఎండిందని రైతు భార్యకు చెప్పేలోపే కంపెనీకి తెలిసిపోతుంది. అంతవరకు వ్యాపారం. దాని వెనక ఉన్న విదేశీ ముఠా అదే డేటాతో మనుషుల్ని వెతుకుతోంది. దాక్కున్నవాళ్లను, సాక్షులను.

"బాలాజి దగ్గర ఫోన్ లేదు గదా మేడం."

"లేదు. బంధువుల ఇల్లు, మూడు నెలలుగా తాళం. లైటు కూడా వేసుకోలేదు. వంటింట్లో వాటర్ ప్యూరిఫయర్ ఉంది. ఫిల్టరు అరిగితే కంపెనీకి చెప్పే రకం. తాళం వేసిన ఇంట్లో రోజుకు నాలుగు లీటర్లు తాగుతున్నారని అది చెప్పింది."

చేతిలో ఉండిపోయిన రాగితీగ కొస సుంకప్ప వేలికి గుచ్చుకుంది.

"చంద్రమోహన్ మిగిలాడు," అంది మంజులత. "మూడు గంటలకు మన వ్యాన్ వస్తుంది. రేపు జడ్జి ముందు మాట్లాడేదాకా అతను బతికుండాలి. ముందు పెనుకొండ పో. అమృత అర్జెంట్ అంటోంది."

* * *

అమృత నీటికన్ను హిందూపురం ఆఫీసులో మార్కెటింగ్ హెడ్. మూడు నెలలుగా లిప్‌స్టిక్ గొట్టంలో పెన్‌డ్రైవ్ పెట్టి కంపెనీ రహస్యాలు నిఘా విభాగానికి చేరవేస్తోంది. పెనుకొండ కొండ కింద టీ అంగడి ముందు తెల్లకారుకు ఆనుకుని నిలబడి ఉంది. నల్ల గాగుల్స్, గంధం రంగు పట్టుచీర. రోడ్డున పోయేవాళ్లు తల తిప్పి చూసి మరీ పోతున్నారు.

"ఆఫీసు నుంచి నేరుగా వస్తున్నా," అంది గొంతు తగ్గించి. "సర్వర్‌లో అలర్ట్ వచ్చింది. సుబ్బరాయుడు అనే రైతు బోరు. పద్నాలుగు నెలలుగా ఎండినట్టు రికార్డు. వారం నుంచి పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు నీళ్లు పోస్తోంది. పంటకు కాదు, స్నానానికి. చంద్రమోహన్ దొరికిపోయాడు సుంకప్పా. వెంటనే వెళ్లి వేరే చోటికి మార్చు."

సుంకప్ప టీ అందుకున్నాడు. చంద్రమోహన్ ఉన్నది సుబ్బరాయుడి చేన్లో కాదు. దానికి కొంత అవతల, హనుమమ్మ చేనింట్లో. అతన్ని అక్కడ దింపిన రోజు సుంకప్ప టీవీ పీకాడు, హనుమమ్మ ఫోన్ తీసుకున్నాడు, స్టార్టరు పాత ఇనుప పెట్టేనని చూసుకున్నాడు. ఆ పెట్టె తర్వాత కాలిపోయి ఉంటుంది. బోరెండిన వాడి స్టార్టరు పక్క చేన్లోకి పోవడం ఈ సీమలో మామూలే. పెళ్లికి బిందెలు పోయినట్టు పోతుంది. ఎవరూ రాసుకోరు. సుబ్బరాయుడి బాక్సు అలాగే హనుమమ్మ మోటారుకు వచ్చి ఉంటుంది. బాక్సులో జీపీఎస్ పెడితే ఖర్చని కంపెనీ పెట్టలేదు. దానికి తెలిసింది సుబ్బరాయుడి పేరు ఒక్కటే.

అతని చూపు అమృత చెప్పుల మీదికి పోయింది. పట్టీల సందుల్లో బూడిదరంగు పిండి. బోరు వేసేటప్పుడు లోపలి రాయి నలిగి పైకొచ్చే పిండి అది. ఎండిన బోరు చుట్టూ ఏళ్ల తరబడి కుప్పగా ఉంటుంది. హిందూపురం ఆఫీసులో ఉండదు.

అంటే పొద్దున్నే సుబ్బరాయుడి చేనుకు పోయి వచ్చింది. అక్కడ మనిషీ లేడు, బాక్సూ లేదు. ఇప్పుడు సుంకప్ప భయపడి పరుగెత్తాలి. ఆ పరుగు వెనకాల ఇంకెవరో రావాలి.

సుంకప్ప కదల్లేదు. టీ చల్లారింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? లేవవేంటి?"

"బిస్కెట్టు తింటా."

అప్పుడు అమృత ఫోన్ వణికింది. ఆమె చూసుకుంది. భుజాలు కాస్త దిగాయి. తొందరంతా పోయింది. "సరే, నీ ఇష్టం," అంటూ కారు తలుపు మీద చెయ్యి వేసింది.

తొందర పోవడమే సుంకప్పను లేపింది. ఫోన్ లాక్కున్నాడు. మరుక్షణం ఆమె మణికట్టుకు సంకెల పడింది. తెర మీద నీటికన్ను యాప్. సుబ్బరాయుడి పేరు కింద ఒక వరుస కదులుతోంది. ఆన్. ఆఫ్. ఆన్. ఆఫ్.

ఎవరో ఎత్తు మీద నిలబడి హనుమమ్మ మోటారును దూరం నుంచి వేసి ఆపుతున్నారు. నలభై చేలలో ఏ పైపు నీళ్లు ఆగి ఆగి పోస్తాయో చూస్తున్నారు.

"ఎంతమంది?"

"ఒక్కడే," అంది అమృత. గాగుల్స్ తీసేసింది. "ఒక్కడు చాలు."

* * *

తెల్లకారు సుంకప్ప నడిపాడు. ఊరు దాటాక క్లాంప్ మీటరు ఎత్తాడు.

"టీమ్ నలభై నిమిషాల దూరంలో ఉంది," అంది మంజులత. "నువ్వే చూసుకో."

పదకొండు నిమిషాల్లో చేలు కనబడ్డాయి. రోడ్డు పక్క ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కారు ఆపి, అమృతను స్టీరింగుకు బిగించి దిగాడు.

దూరంగా హనుమమ్మ పైపు దగ్గర చంద్రమోహన్ ముఖం నిండా సబ్బుతో కూర్చుని ఉన్నాడు. నీళ్లు ఆగిపోయాయి. కళ్లు మూసుకుని చెంబు కోసం తడుముకుంటున్నాడు. నీళ్లు మళ్లీ వచ్చాయి. గట్టు మీద ఒక మనిషి అతని వైపు నడుస్తున్నాడు. ఖాకీ చొక్కా, మెడలో కార్డు, భుజాన సంచి. కరెంటు ఆఫీసు మనిషి వేషం. చేలల్లో అంతకంటే మంచి వేషం లేదు. ఎవరూ ఆపరు.

సుంకప్ప పిస్టల్‌కు అందే దూరం కాదు. అరిస్తే నలభై మోటార్ల మోతలో వినబడదు.

ఖాకీ చొక్కా సంచి జిప్పు లాగింది.

సుంకప్ప ఎండుకట్టెతో ట్రాన్స్‌ఫార్మర్ కింది మూడు ఫీజులూ పీకేశాడు.

మోటార్లన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టాయి. తర్వాత టమాటా సాళ్లలోంచి, మల్బరీ తోటల్లోంచి ఒక్కో తల లేచింది. ఉండేదే నాలుగు గంటల కరెంటు. అది పోతే ఎక్కడివాళ్లు అక్కడ పని వదిలి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వస్తారు. అందరికీ ఒకేసారి ఖాకీ చొక్కా కనబడింది.

"ఓ సార్, ఆడేం జేస్తాండావప్పా? ఫీజు పోయిండాది ఈడ."

"నేను సర్వే కొరకు వచ్చాను," అన్నాడతను. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు.

"సర్వే యాడికీ పోదులే. నారు మాడిపోతాండాది. రా."

"దయచేసి నన్ను వదలండి."

"ఫోన్ చేస్తే ఎత్తరు మీరు. మనిషే దొరికినాక ఇడుస్తామా?"

ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. సంచిలోకి పోబోయిన చెయ్యి సంచిలోకి పోలేదు. అప్పటికే హనుమమ్మ దాన్ని అతని భుజం మీదినుంచి తీసేసింది.

"బరువుండాది సార్, నేను తెస్తాలే. నువ్వు పైన పని చూడు."

ఆ సంచిని ఆమె చంకన పెట్టుకుని మూడు చేలు మోసింది. ట్రాన్స్‌ఫార్మర్ కింద దాన్ని సుంకప్ప అందుకున్నాడు. లోపల సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఆమె చంక వేడికి వెచ్చగా ఉంది. పదిమంది నడుమ ఇరుక్కున్న మనిషికి అక్కడే రెండో సంకెల పడింది.

"అయ్యో, మెకానిక్కప్పా, కరెంటాయప్పను యాల కట్టేసినావు?" అంది హనుమమ్మ.

"కరెంటోడు కాదు."

"మల్ల ఫీజు ఎవురు ఏస్తారు?"

* * *

టీమ్ వచ్చి ఖాకీ మనిషిని తీసుకుపోయింది. అమృతను చంద్రమోహన్‌తో పాటు మూడు గంటల వ్యాన్‌లో పంపమని మంజులత చెప్పింది. మధ్యాహ్నమైంది. ఇంటి ముందున్న మనిషికి పెట్టకుండా తినడం హనుమమ్మకు చేతకాదు. ఎవరు ఎవరిని చంపబోయారో ఆమె అడగలేదు. నాలుగు కంచాలు పరిచి, నాలుగు సంగటి ముద్దలు పెట్టి, చెనిగ్గింజల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, వేసింది. సుంకప్ప అమృత కుడిచేతి సంకెల తీసి ఎడమచేతికి మార్చాడు.

చంద్రమోహన్ ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. చెవి వెనక సబ్బు ఇంకా ఆరలేదు. ముద్ద తుంచాడు. ఆమె కూడా తుంచింది. ఊరిబిండి కారానికి దగ్గింది. హనుమమ్మ చూసి, నీళ్ల చెంబు ఆమె దగ్గరికి జరిపింది.

బయట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అరుపులు పెద్దవవుతున్నాయి. "ఫీజులు పీకినోడు దొరకల్ల, వాని చేతులిరగ్గొట్టల్ల," అంటున్నాడెవడో.

పీకింది ఎవరో ఆ నలుగురికీ తెలుసు. ఎవరూ కంచాల్లోంచి తల ఎత్తలేదు. అందరికంటే లోతుగా వంగింది సుంకప్ప తల.