తిరగేసిన తీసివేత

మ్యూజియం మెట్ల మీద పేలిన తూటా గురి తప్పలేదు. విదేశీ ముఠాలో దూరిన మన మనిషి అక్కడికక్కడే పోయాడు. అతని పేరు బయటికి పొక్కిన రహస్య ఫైల్లో ఇక మిగిలింది ఏజెంట్ డేగ సొంత అన్న పేరే. అతను మారువేషంలో తలదాచుకున్న గది అడ్రసూ అదే ఫైల్లో ఉంది.

బ్రీఫింగ్ ఇచ్చిన చీఫ్ డేగకు బాబాయ్, తండ్రి పోయాక పెంచినవాడు.

"మీ అన్నకి కబురు పంపేశాను, భయం లేదు. ఇంటిదొంగ సంగతి చూడు. ఆ ఫైలు రికార్డు గదిలోనే చూడాలని రూలు. గదిలోకి వెళ్లినవాళ్లది ఒక సెట్, ఫైలు తెరిచినవాళ్లది ఇంకోటి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే ఖాళీ వచ్చింది. అంటే రెండూ ఒకటే. వాళ్లకీ ముఠాని కలిసేవాళ్లకీ ఇంటర్‌సెక్షన్, అంటే రెండింట్లోనూ ఉన్నదెవరో, తీశాను. ఒక్కతే తేలింది, మీ వదిన."

వదిన డబుల్ ఏజెంట్. హోటల్లో పాటలు పాడుతూ, డిపార్ట్‌మెంట్ పంపితేనే ముఠాకు దగ్గరైంది. మెరుపుల చీరలో ఉండగానే డేగ ఆమెకు బేడీలు వేసి చీఫ్ గదికి తెచ్చాడు.

ఆమె ఏడవలేదు. స్క్రీన్ చూసి మండిపడింది.

"ఖాళీ వస్తే రెండూ ఒకటేనని ఎవరన్నారు? గదిలోకి వెళ్లినవాళ్లంతా ఫైలు తెరిచారని, అంతే! తిరగేసి తీసెయ్. రెండోదాంట్లోంచి మొదటిది."

"టైం వేస్టు," అన్నాడు చీఫ్, మరీ తొందరగా.

డేగ మీట నొక్కాడు. గదిలో అడుగుపెట్టకుండా ఫైలు తెరిచినవాడు ఒక్కడు మిగిలాడు. మాస్టర్ పాస్‌వర్డ్‌తో, తన సీట్లోంచే. చీఫ్.

"బాబాయ్... మరి అన్నకి పంపిన కబురు?"

చీఫ్ చూపు గోడ గడియారం మీదికి పోయింది. కబురు వెళ్లింది అన్నకి కాదు, ముఠాకి. డేగ వాచీలోని రేడియో మీట తిప్పి, పారిపొమ్మనే కోడ్‌వర్డ్ అరిచాడు: "దీపం ఆర్పెయ్! దీపం ఆర్పెయ్!"

అవతల తలుపు విరిగిన చప్పుడు. తూటాలు. ఆ తర్వాత రొప్పుతూ అన్న గొంతు: "కిటికీలోంచి దూకేశాన్రా. కాలు బెణికింది, అంతే."

వదిన అప్పుడు ఏడ్చింది.

"నిన్ను ఎత్తుకుని పెంచాన్రా," అన్నాడు బాబాయ్.

"అన్ననీ మీరే పెంచారు. అమ్మేటప్పుడు గుర్తు రాలేదా?" డేగ తుపాకీ తీసి గురిపెట్టాడు.

జేబు తడుముకున్నాడు. డిపార్ట్‌మెంట్ ఏజెంటుకు ఇచ్చేది ఒక్క జత బేడీలే. బాబాయ్‌ని అరెస్టు చెయ్యాలంటే ముందు వదినకు క్షమాపణ చెప్పుకోక తప్పలేదు.