బాబాయి పంపిన చెల్లెలు

తప్పిపోయిన తల్లి దొరికిన మర్నాడే రేడియో ఆపరేటర్ చచ్చిపోయాడు. పోతూపోతూ రేడియో స్టేషన్ మొత్తాన్ని వెంటబెట్టుకుపోయాడు.

"తల్లి ఇచ్చిన వాచీ," అన్నాడు పెద్దాయన, కాలిన తోలు పట్టీ ముక్కను టేబుల్ మీదికి తోస్తూ. సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ను ఆఫీసులో అందరూ పెద్దాయనే అంటారు. "లోపల ఎక్స్‌ప్లోజివ్. రిమోట్‌తో పేల్చారు. ఇది రెండో కేసు. ఇద్దరూ చిన్నప్పుడు యుద్ధంలో అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళే. ఇద్దరూ ఆచూకీ కేంద్రానికి వెళ్ళినవాళ్ళే."

ఆచూకీ కేంద్రం ఊరందరికీ తెలుసు. యుద్ధం నాటి పిల్లలు, ఇప్పుడు తలలు నెరుస్తున్నవాళ్ళు, అక్కడ మైకు ముందు కూర్చుని తమ కథ చెప్పుకుంటారు. ఎలా బతికి బయటపడ్డారో, ఎవరి చెయ్యి ఎక్కడ జారిపోయిందో చెబుతారు. కేంద్రం ఉచితంగా వెతికిపెడుతుంది. ఉచితమనగానే అనుమానించాల్సిందే. కానీ అమ్మ కోసం ఏడ్చేవాడికి అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఆ కథలు విని, వాటికి సరిపోయే తల్లినో తమ్ముణ్ణో తయారు చేస్తున్నారు. వాళ్ళిచ్చిన వాచీని మనవాడు ప్రాణం పోయినా తియ్యడు. సరాసరి డ్యూటీకి పెట్టుకెళ్తాడు. వెనక విదేశీ ముఠా ఉంది. ఇదిగో, వీడే లీడర్."

తాచు ఫోటో అందుకున్నాడు. పాము పగ పన్నెండేళ్ళంటారు. ఈ ఏజెంటు పగకి ముప్పై ఏళ్ళు దాటాయి కనకనే ఆ పేరొచ్చింది. ఫోటోలో నెరిసిన గడ్డం, వెన్నలాంటి నవ్వు, సగం తెగిన కనుబొమ్మ. ఆ కనుబొమ్మను చీకట్లో చూపించినా అతను పోల్చుకుంటాడు.

"బాబాయి," అన్నాడు.

బాంబులు పడుతున్న రైల్వే స్టేషన్ బయట లారీ ఆపి, "నేను మీ బాబాయినర్రా, ఎక్కండి, మీ అమ్మ ముందు లారీలో ఉంది" అని పిల్లల్ని పోగేసినవాడు. తాచు నాలుగేళ్ళ చెల్లెల్ని చంకనెత్తి లోపల కూర్చోబెట్టాడు. అన్న కాలు పెట్టేలోపే లారీ కదిలింది. గనుల్లో కూలికి పిల్లల్ని అమ్మేవాళ్ళని తరవాత తెలిసింది. చెల్లెలి కోసం తాచు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు.

"ప్రాణాలతో కావాలి," అన్నాడు పెద్దాయన. "నీ పగ ఇంట్లో పెట్టి వెళ్ళు."

"ఇల్లు చిన్నది సార్. పట్టదు."

"లోపల మనకో డబుల్ ఏజెంటుంది. కోడ్ వర్డ్ ఆవిడే చెబుతుంది. పూర్తిగా మాత్రం నమ్మకు."

దళసరి కళ్ళద్దాలు, దూది పొట్ట, జేబులో టేప్ రికార్డర్ దాచిన పెన్ను. ఆనకట్ట చీఫ్ ఇంజినీరు వేషంలో తాచు మైకు ముందు కూర్చున్నాడు. కథ మాత్రం సొంతదే చెప్పాడు. చెల్లెలికి కుడి మణికట్టు మీద కాలిన మచ్చ ఉండేది. గుర్తులు అడిగితే మాత్రం "ఎడమ చేతి మీద మచ్చ" అన్నాడు. అనుకుని అన్నది కాదు. యుద్ధంలో నేలమాళిగల్లో దాక్కున్న పిల్లలందరికీ అదే అలవాటు. 'నా కూతురే' అంటూ పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళకి గుర్తులు తప్పు చెప్పాలని పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి నేర్పేవారు.

వారం తిరక్కుండా చెల్లెలు దొరికింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి పెదాలు, గదంతా సెంటు వాసన. "అన్నయ్యా!" అని వచ్చి మెడకి చుట్టుకుంది. నాటకమని తెలిసి కూడా తాచు గుండె ఒక్కసారి ఎగిరిపడింది. అంతలో మచ్చ కనిపించింది, శుభ్రంగా ఎడమ చేతి మీద. నిజంగా దొరికిందేమోనని ఆశపడ్డ తన మనసు మీద తనకే అసహ్యం వేసింది.

ఆవిడ అతని చేతికి వాచీ కడుతూ గుసగుసగా అంది. "ఈసారి వానలు ఆలస్యం."

"గొడుగు కొన్నవాడికి ఎప్పుడూ ఆలస్యమే."

"ఆనకట్ట మీద షిఫ్ట్ సైరన్ వినగానే బాబాయి ఇక్కడ పై గదిలో బటన్ నొక్కుతాడు. కింది ఊళ్ళన్నీ కొట్టుకుపోతాయి. జాగ్రత్త."

"ఇన్ని తెలిసి వాడి దగ్గరెందుకున్నావ్?"

"మా అమ్మ వాళ్ళ చేతుల్లో ఉంది. నెలకోసారి ఫోన్లో మాట్లాడిస్తాడు. మీరు విడిపిస్తారనే మీకు కబుర్లు మోస్తున్నా."

తాచు పెన్ను నొక్కాడు. "రేడియో ఆపరేటర్‌ని మోసం చేసిన తల్లి గొంతు ఇది. ఫోన్ ట్యాప్ చేశాం. ఎవరో చెప్పగలవా?"

'వాచీ తియ్యకు నాన్నా. నేను నీ చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది.'

ఆవిడ నల్లకళ్ళద్దాలు తీసేసింది.

"అది మా అమ్మ గొంతు," అంది. "నెలనెలా నాతో మాట్లాడేదీ ఈ నాటకాలదే అన్నమాట."

తరవాత ఆవిడ అతని చేతి వాచీ విప్పి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. టీ కప్పు పట్టుకుని మేడ మీదికి వెళ్ళి, చిరునవ్వుతో దిగొచ్చింది.

"వాచీ ఏది?"

"ఎవరి సొమ్ము వాళ్ళకిచ్చేశా. నువ్వు ఎప్పుడో డ్యూటీకి వెళ్ళిపోయావని చెప్పి, వాడి కుర్చీ కింద పెట్టొచ్చా."

తాచు హాల్లోకి చూశాడు. తల్లుల కోసం, తమ్ముళ్ళ కోసం బెంచీల నిండా జనం. సరిగ్గా అప్పుడే దూరంగా సైరన్ ఎత్తుకుంది. మెట్లు ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. తలుపు తన్నేసరికి బాబాయి బొటనవేలు బటన్ మీదే ఉంది.

"నొక్కకు బాబాయ్! వాచీ నీ కుర్చీ కిందే ఉంది!"

వేలు బిగుసుకుపోయింది. తాచు రిమోట్ లాక్కుని పిస్టల్ గురిపెట్టాడు. వెనకే వచ్చిన ఆవిడ, "నొక్కనిస్తే నీ సొమ్మేం పోయింది?" అని పళ్ళు నూరుతూనే వాచీ బ్యాటరీ పీకింది.

బాబాయి తేరుకుని వెన్నలా నవ్వాడు. "నన్ను కాలిస్తే మీ చెల్లి సంగతి ఎవరు చెబుతారు నాయనా? బతికే ఉంది. సరిహద్దు ఆసుపత్రిలో నర్సు."

తాచు పిస్టల్ కిందికి దించాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఒక్క మాట కోసమే బతికాడు. ఆ క్షణాన బాబాయి అడిగితే వదిలేసేవాడే.

"సరిహద్దు ఆసుపత్రా?" అంది ఆవిడ నెమ్మదిగా. "మా అమ్మ ఆయాగా ఉందని చెప్పావే, అదేనా?"

బాబాయి నవ్వు ఆరిపోయింది. లారీ ఎక్కించిన పిల్లల పేర్లయినా వాడు ఏనాడూ అడగలేదని, వాడి దగ్గర చెప్పడానికి ఏమీ లేదని తాచుకి అర్థమైంది. చెల్లెలు ఆ గదిలో రెండోసారి తప్పిపోయింది.

కాల్చలేదు. పిస్టల్ లోపల పెట్టేసి, టేబుల్ మీద హాల్లోకి పేర్లు పిలిచే మైకు ఉంటే ఆన్ చేశాడు.

"యుద్ధంలో రైల్వే స్టేషన్ దగ్గర పిల్లల్ని లారీ ఎక్కించిన బాబాయి ఆచూకీ దొరికింది. మేడ మీద మొదటి గది."

కింద బెంచీలన్నీ ఒకేసారి కదిలాయి. తాచు, ఆవిడ దారికి అడ్డం లేకుండా పక్కకి జరిగి నిలబడ్డారు.

సాయంత్రం పెద్దాయన స్ట్రెచర్ వంక చూసి నిట్టూర్చాడు. "ప్రాణాలతో తెమ్మన్నానయ్యా!"

"ప్రాణం ఉంది సార్," అన్నాడు తాచు. "పళ్ళే, ఎవరి జేబులో పడ్డాయో వెతకాలి."