పెళ్లాల్లేని ఈగలు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తం మీద తన తండ్రి వెంకటరావంత అన్యాయస్తుడు ఇంకొకడు లేడని మీనాకుమారి నమ్మకం. ముప్పై నాలుగేళ్లు రైల్వే వర్క్‌షాపులో ప్రతి నట్టునీ బోల్టునీ పేరుపెట్టి పలకరించిన మనిషి, కూతురు రెండేళ్లుగా పరిశోధిస్తున్న పురుగుని మాత్రం "ఈగ" అని ఊరుకుంటాడు. అది సాటి పురుగుని గాల్లోనే ఒడిసిపట్టి, రసం పీల్చి, పిప్పి పారేసే దోపిడీ ఈగ అనీ, దానికి మీసం కూడా ఉంటుందనీ ఎన్నిసార్లు చెప్పినా, "మీసముంటే మట్టుకు ఏటే? ఈగ ఈగే గదా" అంటాడు. పైగా ఇప్పుడు, ఎండ బాగా కాసే ఆదివారం పొద్దున్న, సరిగ్గా ఈగలు బయటికొచ్చే వేళకి పెళ్లిచూపులు పెట్టాడు.

వచ్చిన అబ్బాయి ప్రేమ్‌కుమార్ యార్డులో వ్యాగన్లు తనిఖీ చేస్తాడు. మాటలు దొరక్క మీనా తన ఈగల పెట్టె తెచ్చి చూపించింది. మామూలుగా పెళ్లికొడుకులు ఇక్కడే టైము చూసుకుంటారు. ఇతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"రెండు కొత్త జాతులు," అంది మీనా. "తోక వెండిలా మెరిసేది ఒకటి. నల్లగా సూదిలా ఉండేది ఇంకోటి. పేర్లు కూడా పెట్టేశాను. రేపు కాక వచ్చే సోమవారం జర్నల్‌కి పేపరు పంపిస్తున్నాను."

"వెండి తోకవి ఎన్ని దొరికినాయండి?"

"పదకొండు. అన్నీ మగవే."

"నల్ల తోకవి?"

"తొమ్మిది. అన్నీ ఆడవే."

ప్రేమ్‌కుమార్ పెట్టె మీదికి వంగి రెండు వరసలూ మళ్లీ చూశాడు. "ఏటీ అనుకోకండి. ఒక లైన్లో ఉత్త ఇంజినూ, పక్క లైన్లో ఇంజిన్లేని పెట్టెలూ కనపడితే, మేం రెండు రైళ్లని రాయమండి."

మీనాకి చెవులు ఎర్రబడ్డాయి. "మీరు వీటిని మైక్రోస్కోపులో చూశారా?"

"లేదండి. పూరీ గేట్ దగ్గర, పట్టాల కింద నుంచి తీసేసిన పాత స్లీపర్ల కుప్ప మీద రోజూ సూస్తన్నాను. మొగుడూ పెళ్లాలే."

పెళ్లివారు వీధి మలుపు తిరక్కముందే మీనా వద్దంది.

"ఏటి లోటు?" అంది తల్లి అప్పలనర్సమ్మ.

"అతనికి ఈగల గురించి ఏమీ తెలీదు."

"తెలిసినోడు ఖరగ్‌పూర్లో ఇంకెవడున్నాడే?" అని ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పేపర్లో మొదటి జాతి కింద "ఆడది ఇంతవరకు దొరకలేదు" అనీ, రెండో జాతి కింద "మగది ఇంతవరకు దొరకలేదు" అనీ మీనాయే రాసుకుంది. వారమంతా ఆ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి చూసుకుంటూనే ఉన్నాయి. మీనా మాత్రం గమనించనట్టే ఉంది. అతని మాటే నిజమైతే రెండేళ్ల కష్టంలో సగం కొట్టేయాలి. అబద్ధమైతే హాయిగా పంపేయొచ్చు. శనివారం తనే అతనికి ఫోన్ చేసింది.

"రేపు ఆ కుప్ప చూపించండి. మీరు పొరబడ్డారని రుజువు చెయ్యడానికే."

"ఠీక్ హై అండి. టిఫిన్ సేసి రండి. శానాసేపు పట్టుద్ది."

మర్నాడు తండ్రిని వెంటపెట్టుకుని వెళ్లేసరికి ప్రేమ్‌కుమార్ కుప్ప దగ్గరే ఉన్నాడు. మబ్బు పట్టి ఉంది. ఒక్క ఈగ లేదు. పైగా చినుకులు మొదలయ్యాయి. వెంకటరావు ఉన్న ఒక్క గొడుగూ వాళ్లిద్దరి మీదా పట్టి, తను తడుస్తూ, ఎప్పుడూ చూడనట్టు సిగ్నల్ కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఎండ వచ్చిన పది నిమిషాలకి ఒక వెండి తోకా, ఒక నల్ల తోకా జతగా వచ్చి వాలాయి. తోకలు కలుపుకుని, తలలు చెరో దిక్కుకి తిప్పుకుని.

"మొహాలు సూసుకోటం లేదు. మొన్న మనలాగే," అన్నాడు ప్రేమ్‌కుమార్ మెల్లగా.

"ఆడది ఒక్కోసారి మగదాన్ని తినేస్తుంది," అంది మీనా, ఫోటోలు తీస్తూనే.

"తెలిసే వచ్చినాడండి."

పద్నాలుగో ఫోటో తీశాక ఆమె ఆగింది. ఏదో గొణిగింది.

"ఏటో అన్నారు?"

"ఏమీ అనలేదు."

"పెదాలు కదిలినాయండి."

మీనా కెమెరా దించింది. సిగ్నల్ చూస్తున్న మనిషికి కూడా వినపడేటట్టు గొంతు పెంచింది.

"తప్పు నాదే. ఇవి రెండు జాతులు కావు, ఒకటే. పోయిన ఆదివారం మిమ్మల్ని వద్దనడం కూడా తప్పే."